బొమ్మ పుట్టిల్లు ఎక్కడ?

పిల్లలూ! మా బాన్సువాడ రైతులు వరిమడిలోకి దిగేముందు ట్రాక్టరుకు కేజీవీల్సు బిగిస్తారు. మెట్టచేను దున్నాలంటే కల్టివేటరు, వడ్లు మోయాలంటే ట్రాలీ తగిలిస్తారు. ట్రాక్టరు ఒక్కటే, పనిముట్టును బట్టి పని మారుతుంది. కంప్యూటరులో ఇంటర్నెట్టు చూసే బ్రౌజరు కూడా అటువంటిదే. దానికి తగిలించే చిన్న పనిముట్లను ఎక్స్‌టెన్షన్లు అంటారు.

ఒక వానాకాలం రాత్రి పొరుగింటి పిల్లవాడు ఫోను పట్టుకొని పరుగెత్తుకు వచ్చాడు.

"సార్! నిజాంసాగర్ కట్ట తెగిందట! ఫోటో వచ్చింది. అమ్మ బియ్యం మూట కడుతున్నది."

మంజీరా మీద 1931లో పూర్తయిన కట్ట అది. తెగితే సామాన్యమా? ముందు ఠాణాకు ఫోను చేశాను. కట్ట క్షేమమన్నారు.

"మరి ఈ ఫోటో ఎక్కడిది సార్?" అన్నాడు వాడు. మంచి ప్రశ్నే గదా!

నా కంప్యూటరులో టిన్ఐ అనే ఎక్స్‌టెన్షన్ వున్నది. టిన్ఐని 2008లో కెనడాలోని టొరాంటోలో ప్రారంభించారు. మన వేలిముద్ర వలె ప్రతి బొమ్మకూ అది ఒక ముద్ర తయారుచేసి, అదే బొమ్మ ఇంకెక్కడ వున్నదో వెదుకుతుంది. ఫోటో మీద మౌసు కుడిమీట నొక్కి వెదికించాను. "పాతవి ముందు" అని అడిగాను. ఆ ఫోటో ఎన్నో ఏళ్ళనాటిది. వేరే దేశపు ఆనకట్టది!

గూగుల్ లెన్స్ తీరు వేరు. అది బొమ్మలోని వస్తువును పోల్చి, అటువంటివి చూపుతుంది. "ఇదేమి పువ్వు?" అని లెన్స్‌ను అడగండి. "ఈ ఫోటో ఇదివరకు ఎక్కడ వచ్చింది?" అని టిన్ఐని అడగండి. రెవ్ఐ అనే ఎక్స్‌టెన్షన్ అయితే ఇటువంటి నలుగురైదుగురిని ఒక్కసారే అడుగుతుంది. కాని, ఏమీ దొరకనంత మాత్రాన ఫోటో కొత్తదని అనుకోరాదు.

"వార్త కూడా వున్నది సార్" అని పిల్లవాడు ఒక వార్తాపేజీ ఫోటో చూపాడు. పేజీలు కట్టేవారి పనిముట్లు వేరే వున్నవి. క్రిస్ పెడరిక్ తయారుచేసిన వెబ్ డెవలపర్ ఎక్స్‌టెన్షన్ పేజీలోని బొమ్మలను తీసివేసి చూపగలదు. చూపులేనివారి కోసం బొమ్మకు రాసిన వివరణనూ చూపగలదు. పేజీని విప్పి చూసే సాధనం బ్రౌజరులోనే వున్నది. దానితో నేనొక వార్త శీర్షికను "నిజాంసాగర్‌లో లడ్డూల వాన" అని మార్చాను. వాడు పకపకా నవ్వాడు. పేజీని మళ్ళీ తెరిస్తే పాత శీర్షికే వచ్చింది. మారినది నా తెర మీద మాత్రమే. కాని, ఈలోగా ఫోటో తీసి పంపితే? కనుక, తెర ఫోటోను నమ్మక, అసలు పేజీకే వెళ్ళి చూడాలి.

ఒక హెచ్చరిక. కొన్ని ఎక్స్‌టెన్షన్లు మీరు చూసే పేజీలన్నీ చదివేందుకు అనుమతి అడుగుతవి. పెద్దలకు చూపనిదే ఒప్పుకోకండి. పని తీరితే తీసివేయండి. వెదికే బొమ్మ బయటి కంప్యూటరుకు పోతుంది గనుక ఇంటివాళ్ళ ఫోటోలతో ప్రయత్నించకండి.

పిల్లవాడు ఇంటికి పరుగెత్తాడు. కొంతసేపటికి వాళ్ళమ్మ బియ్యం మూట విప్పింది.