చేతులు తిమ్మిరెక్కాయా? అందులోనే ఉంది ఇంటర్వ్యూ ప్రశ్న!

పెద్దదోర్నాల కుర్రాళ్లకు శ్రీశైలం ఘాట్‌రోడ్డు కొత్త కాదు. బీటెక్ రోజుల్లో స్నేహితుడి పాత 350 సీసీ బండి మీద నేనూ చాలాసార్లు వెళ్లా. మలుపుల్లో నిదానంగా పోతుంటే హాయిగానే ఉండేది. అదే మార్కాపురం వైపు తిన్నటి రోడ్డెక్కి ఎనభై అందుకుంటే హ్యాండిల్ జివ్వుమనేది. దిగేసరికి అరచేతులు తిమ్మిరి!

రెజ్యూమెలో హాబీ దగ్గర ‘బైక్ రైడింగ్’ అని రాశా. ప్రాంగణ నియామకాల్లో ఇంటర్వ్యూ చేసినాయన దాన్నే పట్టుకున్నారు. ‘యాభైలో లేని అదురు ఎనభైలో ఎందుకొస్తుంది?’ అనడిగారు. ‘బండి పాతది సార్’ అనేశా. అంతే, ఉద్యోగం పోయింది. మీకు అలా కాకూడదనే ఇదంతా.

ఆయన ఆశించిన జవాబు

రోట్లో రోకలి పోటు పడితే గచ్చు అదురుతుంది కదా! సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో పిస్టన్ పరిస్థితీ అదే. పైకి వెళ్లి ఆగి, కిందికొచ్చి ఆగి, మళ్లీ పైకి. ఇలా దిశ మారిన ప్రతిసారీ పుట్టే జడత్వ బలం ఫ్రేమ్ మీదుగా మీ చేతుల్లోకి వస్తుంది.

సూత్రం మీకు తెలిసిందే: ద్రవ్యరాశి × క్రాంక్ వ్యాసార్ధం × కోణీయ వేగం వర్గం. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ 349 సీసీ ఇంజిన్ స్ట్రోక్ 85.8 మి.మీ. అంటే వ్యాసార్ధం 42.9 మి.మీ. పిస్టన్, దాంతోపాటు కదిలే భాగాలు కలిపి అరకిలో అనుకోండి. 3000 ఆర్‌పీఎం దగ్గర బలం సుమారు 2,100 న్యూటన్లు. 6000 దగ్గర సుమారు 8,500. ఆర్‌పీఎం రెట్టింపైతే బలం నాలుగింతలు! ఒకే గేరులో యాభై నుంచి ఎనభైకి వెళ్తే ఆర్‌పీఎం 1.6 రెట్లు, బలం రెండున్నర రెట్లు. నేను చెప్పాల్సింది ఈ ఒక్క వాక్యమే.

మరి తగ్గించేదెలా?

క్రాంక్‌కు ఎదురు బరువు పెడితే నిలువు అదురు తగ్గుతుంది. కానీ ఆ బరువు తిరుగుతూ పక్కలకు లాగుతుంది. అందుకే వ్యతిరేక దిశలో, అదే వేగంతో తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెడతారు. పాత 346 సీసీ ఇంజిన్‌లో అది లేదు. 2020లో మీటియోర్ 350తో వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఉంది. 2018 నాటి 650 ట్విన్‌లో క్రాంక్ పిన్నుల మధ్య 270 డిగ్రీల కోణం ఉంటుంది. దాంతో రెట్టింపు వేగంతో వచ్చే ‘సెకండరీ’ బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలిన ప్రైమరీ అదురును బ్యాలెన్సర్ చూసుకుంటుంది.

అనుబంధ ప్రశ్నలు

* అదురు ఇంజిన్‌దా, చక్రానిదా? ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డుపై అదే స్పీడ్‌లో ఒక్క క్షణం క్లచ్ పట్టండి. అదురు తగ్గితే ఇంజిన్‌ది. తగ్గకపోతే టైరో, రిమ్మో చూడాలి. ఘాట్‌లో మాత్రం ఈ ప్రయోగం వద్దు.
* ఒక్క ఆర్‌పీఎం దగ్గరే ఎక్కువై, దాటగానే తగ్గుతోందా? అది అనునాదం.

ఫోనుతో ప్రాజెక్టు

ఫోన్‌లోని యాక్సెలరోమీటర్‌తో అదురును కొలవొచ్చు. బండిని న్యూట్రల్‌లో, స్టాండ్ మీద పెట్టండి. 2400 ఆర్‌పీఎం అంటే 40 హెర్ట్జ్, సెకండరీ 80 హెర్ట్జ్. దాన్ని పట్టాలంటే సెకనుకు 160 కంటే ఎక్కువ రీడింగులు కావాలి. ఎందుకో చెప్పగలిగితే సిగ్నల్స్ సబ్జెక్టు వచ్చినట్టే! పాత ఫోనే వాడండి. బైక్ ఇంజిన్ అదురుకు ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని యాపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది.

ఉద్యోగాలెక్కడ?

కంపెనీల్లో ఈ విభాగాన్ని ఎన్‌వీహెచ్ అంటారు: నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్. మన శ్రీసిటీ దగ్గర హీరో, చెన్నై దగ్గర ఒరగడంలో రాయల్ ఎన్‌ఫీల్డ్, హోసూరులో టీవీఎస్ ప్లాంట్లున్నాయి. పుణెలోని ఏఆర్ఏఐలో ఎన్‌వీహెచ్ పరీక్షలు చేస్తారు. మెకానికల్‌తోపాటు మ్యాట్‌ల్యాబ్, సిగ్నల్ ప్రాసెసింగ్ వస్తే మీకు అదనపు బలం.

ఇప్పుడు మీ రెజ్యూమె తీసి హాబీల గడి చూడండి. అక్కడ రాసిన ప్రతి మాటకూ ఒక ‘ఎందుకు’ వేసుకోండి. జవాబు రాకపోతే నేర్చుకోండి, లేదా ఆ మాట కొట్టేయండి. అవతలి కుర్చీలో ఉన్నాయన మొదట చదివేది అదే కావచ్చు.