రూట్ కెనాల్

పుచ్చు పైపైనే ఉంటే సిమెంటు పెడితే సరిపోతుంది. నరం దాకా పోతే రూట్ కెనాల్ కావాలి. మత్తిచ్చి, పంటికి పైనుంచి రంధ్రం చేసి, సూదుల్లాంటి సన్నటి ఫైళ్లతో కుళ్లిన గుజ్జును వేరు కొస దాకా తోడేస్తారు. హైపోక్లోరైట్‌తో కడిగి, గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థం నింపి, క్యాప్ తొడుగుతారు. పన్ను పీకక్కర్లేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ చికిత్స వాయిదా వేయకూడదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో తెలిసిందే. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అలాంటి చోట పంటిపోటుకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొని మింగుతూ రోజులు నెట్టడం చాలా ప్రమాదం. ఆ మాత్రలు కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గిస్తాయి, పుచ్చును మాత్రం ఆపవు. డయాలసిస్‌లో సాధారణంగా రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి డయాలసిస్ చేయించుకునేవారు పంటి డాక్టరు దగ్గరికి ఆ మర్నాడు వెళ్లడం మేలు. డయాలసిస్ సంగతి ముందే చెప్పాలి.