పొర ఊడే క్షణం

రెజిన్ ప్రింటర్‌లో ముందుగా పాడయ్యేది ఏది, యంత్రాన్ని ఎక్కువ కాలం నిలబెట్టుకోవడం ఎలా అని ఒక పాఠకుడు అడిగారు. అమ్మేవాళ్లను అడిగితే ‘తెర’ అంటారు. ఎల్‌సీడీ తెర రెండు వేల గంటలు పనిచేస్తుంది, ఆ తర్వాత కొత్తది వేసుకోవాలి, అంతే. అందులో అబద్ధం లేదు కానీ, అసలు నేరస్థుణ్ణి వదిలేసి సాక్షిని పట్టుకున్నట్టుంది. నా వాదన ఇది: ఈ యంత్రాల ఆయుష్షును తేల్చేది కాంతి కాదు, మోటారు కాదు, గట్టిపడిన పొర అడుగునున్న ఫిల్ము నుంచి ఊడివచ్చే ఆ ఒకటి రెండు సెకన్లు. ముందు ప్రాథమిక విషయాలు త్వరగా ముగిద్దాం. కాంతి తగిలితే గట్టిపడే ద్రవాన్ని పొర మీద పొరగా గట్టిపరచి వస్తువు చేయవచ్చని జపాన్‌లోని నగోయాలో హిడియో కొడామా 1980 ప్రాంతంలో చూపించాడు. అమెరికాలో చక్ హల్ 1984లో పేటెంటుకు దరఖాస్తు చేసి, దాన్ని వ్యాపారంగా మలిచాడు. హల్ యంత్రంలో లేజరు పై నుంచి పడేది, వస్తువు లోతైన తొట్టెలోకి పొరపొరకూ దిగుతూ పోయేది. పైపొర మీద గాలి తప్ప ఏమీ ఉండదు కాబట్టి అక్కడ ఊడదీయాల్సిందే లేదు. కానీ వస్తువు ఎంత ఎత్తుంటే తొట్టె అంత లోతుండాలి, అంత రెజిన్ పోయాలి. బల్ల మీద పెట్టుకునే యంత్రానికి అది కుదరదు. అందుకని మొత్తాన్ని తలకిందులు చేశారు. అడుగున 405 నానోమీటర్ల ఎల్‌ఈడీ కాంతి, దాని మీద ఏ చుక్క వెలగాలో తేల్చే తెర, ఆపైన పారదర్శకమైన ఫిల్ము అడుగుగా ఉన్న పలచటి తొట్టె, పైన లేచి దిగే ప్లేటు, దానికి తలకిందులుగా వేలాడే వస్తువు. రెజిన్ ఆదా అయింది, యంత్రం చవకైంది. బదులుగా ప్రతి పొరా ఫిల్ముకూ పాత పొరకూ మధ్య నలుగుతూ పుడుతోంది. పొర మందం 0.05 మిల్లీమీటర్లయితే పది సెంటీమీటర్ల బొమ్మకు ఈ ఊడదీత రెండు వేలసార్లు జరగాలి.

ఊడదీయడానికి ఎంత బలం కావాలి? రెండు అద్దాల మధ్య నీళ్లు చేరితే పైదాన్ని నిట్టనిలువుగా లేపడం ఎంత కష్టమో అద్దాల దుకాణంలో పనిచేసేవాళ్లకు తెలుసు. వాళ్లు లాగరు, పక్కకు జరుపుతారు. ఈ పట్టు ఎక్కణ్ణుంచి వస్తుందన్న విషయంలో మహామహులే తడబడ్డారు. నున్నటి రెండు చలువరాతి పలకలను కలిపి పట్టుకునేది గాలి ఒత్తిడేనని రాబర్ట్ బాయిల్ గట్టిగా నమ్మాడు. గాలి తోడేసిన పాత్రలో అవి వాటంతట అవే విడిపోవాలి కదా. 1660లో అచ్చైన ఆయన పుస్తకంలోని ప్రయోగంలో అవి విడిపోలేదు. పాత్రలో కాస్త గాలి మిగిలిపోయిందని సర్దిచెప్పుకుని, చాలా ఏళ్ల తర్వాత గానీ వాటిని విడదీసి చూపలేకపోయాడు. మరికొందరు ఇదంతా పలకల అణువుల మధ్య ఆకర్షణ అనుకున్నారు. ఈ చిక్కును 1874లో వియన్నాలో విప్పినవాడు యోసెఫ్ స్టెఫాన్. వేడి వస్తువు వెదజల్లే వికిరణం గురించి స్టెఫాన్–బోల్ట్స్‌మాన్ సూత్రంలో వినబడే స్టెఫాన్ ఈయనే. ఆయన పలకలను ద్రవంలో పూర్తిగా ముంచి, పైదాన్ని త్రాసుకు వేలాడదీసి లాగాడు. ఎంత చిన్న బరువుతో లాగినా పలకలు విడిపోయాయి, కాకపోతే ఎక్కువ సేపు పట్టింది. నిజంగా అంటుకుని ఉంటే ఒక హద్దు దాటేదాకా కదలకూడదు. అంటే అక్కడున్నది అంటుదనం కాదు. పలకలు ఎడమవ్వాలంటే ఆ సన్నటి సందులోకి చుట్టుపక్కల ద్రవం పారివచ్చి చేరాలి. చిక్కటి ద్రవం ఇరుకు సందులో నిదానంగా పారుతుంది. మనం తొందరపెడితే మధ్యలో ఒత్తిడి పడిపోయి పలకలను వెనక్కి లాగుతుంది.

ఈ విషయం సమీకరణంలోకి దిగితే మరీ ముచ్చటగా ఉంటుంది. గుండ్రటి పలకకు కావలసిన బలం ద్రవపు చిక్కదనానికీ, లాగే వేగానికీ అనులోమంగా ఉంటుంది. కానీ వ్యాసార్ధానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, సందు మందానికి మూడో ఘాతంలో తగ్గుతుంది. వ్యాసార్ధం రెట్టింపైతే బలం 16 రెట్లు. సందు పదింతలైతే బలం వెయ్యో వంతు. నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న బిళ్లను, నీటికి మూడు వందల రెట్లు చిక్కనైన రెజిన్‌లో, 0.05 మిల్లీమీటర్ల సందు నుంచి సెకనుకు ఒక మిల్లీమీటరు వేగంతో లేపితే ఎంత బలం కావాలో లెక్క వేయండి. దాదాపు 1800 న్యూటన్లు వస్తుంది, అంటే 180 కిలోల బరువు! బల్ల మీది ఏ యంత్రమూ దాన్ని తట్టుకోలేదు. నిజానికి అంత బలం పుట్టదు కూడా, ఎందుకంటే సందులో ఒత్తిడి శూన్యం దాకా పడిపోయినా వాతావరణం ఆ బిళ్ల మీద నొక్కగలిగేది 126 న్యూటన్లు, సుమారు 13 కిలోలు. అదీ తక్కువేం కాదు. ఇక్కడే ఫిల్ము గొప్పతనం ఉంది. స్టెఫాన్ పలకల్లా బిరుసుగా ఉండకుండా అది వంగుతుంది. ప్లేటు లేచేకొద్దీ ఫిల్ము కూడా గుడారంలా పైకి లేస్తుంది, అంచుల దగ్గర ముందు విడివడుతుంది, ఆ విడివడిన గీత లోపలికి పాకుతుంది. మొత్తం వైశాల్యాన్ని ఒక్కసారిగా పీకడానికి బదులు ఒక సన్నటి అంచును తొక్క ఒలిచినట్టు ఒలవడమే మిగులుతుంది. అందుకే మెత్తటి ఫిల్మును లోపంగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. యంత్రాన్ని కాపాడేది ఆ మెత్తదనమే. అరిగిపోయేదీ అదే.

దీనికి చదువుకున్నవాళ్లు వేసే అభ్యంతరం ఒకటుంది. ఆక్సిజన్ ఈ రెజిన్ గట్టిపడడాన్ని అడ్డుకుంటుంది, చురుకైన రాడికల్స్‌తో కలిసి వాటిని మందకొడిగా మార్చేస్తుంది. కాబట్టి ఫిల్ము గుండా ఆక్సిజన్ వస్తుంటే దాన్ని ఆనుకుని గట్టిపడని పలచటి పొర మిగులుతుంది, ఇక అంటుకోవడం ఎక్కడ? జోసెఫ్ డిసిమోన్ బృందం 2015లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన క్లిప్ పద్ధతి ఈ ఆలోచన మీదే నిలబడింది. ఆక్సిజన్‌ను బాగా రానిచ్చే టెఫ్లాన్ ఏఎఫ్ పొర అడుగున పెట్టి, పదుల మైక్రాన్ల మందాన ద్రవాన్ని ద్రవంగానే ఉంచి, వస్తువును ఆగకుండా పైకి లాగారు. దృశ్యం అద్భుతం. ‘ఇక ఊడదీత సమస్యే లేదు’ అని చాలామంది రాసేశారు. వాళ్లు స్టెఫాన్‌ను మరిచిపోయారు. అంటుదనం పోయినా ద్రవం ఆ సందులోకి పారిరావాలి కదా! అందుకే ఆ పద్ధతి జల్లెడలాంటి సన్నటి నిర్మాణాలకు కుదిరినంతగా వెడల్పాటి గట్టి దిమ్మెలకు కుదరలేదు. 2022లో స్టాన్‌ఫర్డ్‌లో డిసిమోన్ సహచరులే వస్తువు లోపల సన్నటి కాలువలు వదిలి, వాటి గుండా రెజిన్‌ను సందులోకి ఎక్కించే మార్గం ప్రకటించారు. ఎవరినీ ఖండించకుండా 1874 నాటి మాటను ఒప్పుకోవడం అంటే ఇదే. ఇక మన బల్ల మీది యంత్రాల్లో ఉండే మామూలు ఎఫ్‌ఈపీ ఫిల్ము ఆక్సిజన్‌ను టెఫ్లాన్ ఏఎఫ్ అంతగా రానివ్వదు. ఆ ద్రవపు పొర ఇంకా పలచన, అంటే సందు ఇంకా ఇరుకు, మూడో ఘాతం ఇంకా కఠినం.

మరి తెర సంగతి? 405 నానోమీటర్ల కాంతీ, ఎల్‌ఈడీల వేడీ తెరలోని పోలరైజర్లను, ద్రవస్ఫటికాలను క్రమంగా పాడుచేస్తాయి, సందేహం లేదు. కానీ గంటలు ఎలా లెక్కపెడుతున్నాం? పొరకు రెండున్నర సెకన్ల చొప్పున రెండు వేల పొరలకు తెర మీద కాంతి పడేది గంటన్నర లోపే. యంత్రం నడిచే మిగతా సమయమంతా లేవడానికీ, దిగడానికీ, ఆగడానికీ పోతుంది. ఈ లెక్కన రెండు వేల గంటలంటే వెయ్యికి పైగా బొమ్మలు. అంతకు చాలా ముందే తెర పోయిందంటే, దాని మీద ఇంకేదో పడి ఉండాలి. సాధారణంగా జరిగేది ఇది: ఒక పొర ప్లేటుకు బదులు ఫిల్ముకే అంటుకుని ఉండిపోతుంది. మరుసటిసారి ప్లేటు దిగి ఆ గట్టి ముక్కను ఫిల్ములోకి నొక్కుతుంది. ఫిల్ముకు చిల్లు పడి రెజిన్ తెర మీదికి కారుతుంది, తర్వాతి వెలుగుకు అక్కడే రాయిలా గట్టిపడుతుంది. పైగా దిగేటప్పుడూ స్టెఫాన్ సూత్రమే, తిరగేసి. సందులోంచి ద్రవం బయటికి పోవాలి, పోనంటే ఆ ఒత్తిడంతా తెర గాజు మీదే. పైకి లాగేటప్పుడు వాతావరణ పీడనమనే హద్దు ఉంది, కిందికి నొక్కేటప్పుడు ఆ హద్దు కూడా లేదు. వెడల్పాటి ప్లేటు మొదటి పొరల కోసం దిగే క్షణాలే తెరకు అసలు గండం. లేచేటప్పటి లాగుడు మాత్రం ప్లేటు బోల్టుల మీద, దాన్ని మోసే చేతి మీద, ఎత్తి దించే లీడ్ స్క్రూ నట్టు మీద పడుతుంది. సరిచేసిన ప్లేటు కొన్నాళ్లకు మళ్లీ వంకర తిరగడం, పక్క గోడల మీద అడ్డగీతలు రావడం ఆ ఖాతాలోవే.

ఇదంతా అర్థమైతే నిర్వహణ సూచనలు బట్టీ పట్టాల్సిన పని లేదు. లేచేటప్పుడు మొదటి కొన్ని మిల్లీమీటర్లు నెమ్మదిగా, ఆపైన వేగంగా అన్న అమరిక మూడో ఘాతం నుంచి వచ్చింది. వస్తువును ఏటవాలుగా పెట్టడం నాలుగో ఘాతం నుంచి. బోలు బొమ్మకు ఫిల్ము వైపు కాకుండా ప్లేటు వైపు రంధ్రం వదలాలి, లేకపోతే అది గిన్నెలా గాలి చొరనీయకుండా పీలుస్తుంది. చలికాలంలో చిక్కబడిన రెజిన్‌ను వేడిచేసుకోవడం వల్ల ఫిల్ముకు విశ్రాంతి. ఫిల్ము బిగువు మరీ వదులైతే పొర ఊడకముందే లిఫ్ట్ ఎత్తు అయిపోతుంది, మరీ బిగువైతే అది బిరుసు పలకలా ప్రవర్తించి చిరుగుతుంది. విఫలమైన ప్రతి ప్రింటు తర్వాతా రెజిన్ వడకట్టి, తొట్టెలో ముక్క మిగల్లేదని తేల్చుకోవడం తెర ప్రాణానికి అన్నిటికన్నా ముఖ్యం. చేతి తొడుగులు సరేసరి, గట్టిపడని రెజిన్ చర్మానికి అలర్జీ తెస్తుంది. ఫ్యాన్ల దుమ్ము, స్క్రూ గ్రీజు గురించి యంత్రంతో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది.

దంతవైద్యుల నమూనాలకూ, నగల పోత కోసం కాల్చేసే అచ్చులకూ ఈ యంత్రాలు రోజూ పనికొస్తున్నాయి, కానీ ఉపయోగాల జాబితా మరెవరైనా రాయవచ్చు. నా ఫిర్యాదు వేరే. పెట్టె మీద తెర ఎన్ని కే, గంటకు ఎన్ని మిల్లీమీటర్లు అని ఘనంగా అచ్చువేస్తారు గానీ, ఫలానా ఫిల్ముతో ఫలానా వైశాల్యం ఊడడానికి ఎన్ని న్యూటన్లు పట్టిందో వేయరు. తొట్టెను ఒక పక్కకు వంచి పొరను అంచు నుంచి ఒలిచే యంత్రాలు వచ్చాయి, చేతిలో బలాన్ని కొలిచే సెన్సరు పెట్టినవీ ఉన్నాయి. కొలిచిన అంకె యంత్రం లోపలే ఉంది. దాన్ని రెండు వేల పొరలకూ ఒక గీతగా గీసి తెర మీద చూపిస్తే, ఫిల్ము ఎప్పుడు మార్చాలో అది చిరగక ముందే వాడేవాడికి తెలుస్తుంది.