నరికిన మోడు నుంచి అడవి: సిద్దిపేట జిల్లాలో క్షీణారణ్యాల పునరుద్ధరణ – గ్రామ భాగస్వామ్యం

సిద్దిపేట జిల్లాలో వర్షారణ్యం లేదు. ఇక్కడిది దక్కను పీఠభూమికి సహజమైన ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవి. వేసవికి ముందే ఆకు రాల్చి, ఎండలు ముదిరాక మళ్లీ చిగురించే తునికి, మోదుగ, నల్లమద్ది, చిరుమాను వంటి జాతులు ఇందులో కనిపిస్తాయి. ఏడాది పొడవునా తడి ఉండే అడవుల కోసం రూపొందిన పునరుద్ధరణ సూత్రాలను ఇక్కడ యథాతథంగా అన్వయించలేము.

వంటచెరకు కోసం ఏళ్ల తరబడి నరికిన చోట పైకి పొదలే కనిపించినా, నేలలో వేళ్లు బతికే ఉంటాయి. తునికి, మోదుగ వేళ్ల నుంచే కొత్త పిలకలు లేస్తాయి. మద్ది, చిరుమాను మోడు నుంచి చిగురిస్తాయి. లోతుకు దిగిన పాత వేరు ఆధారంగా పెరిగే పిలక, నర్సరీ నుంచి తెచ్చిన మొక్క కంటే త్వరగా ఎదిగి ఎండను తట్టుకొంటుంది. అందువల్ల చేయవలసిన పని ప్రధానంగా నాటడం కాదు. మోడును నేలకు దగ్గరగా నున్నగా కోయాలి. గుంపుగా లేచిన పిలకలలో బలమైన ఒకటి రెండింటిని ఉంచి తక్కినవి తీసివేయాలి. చుట్టూ కందకం తవ్వాలి. ఖాళీలు మిగిలిన చోట మాత్రమే మొక్కలు నాటాలి.

2015 జూలైలో ఆరంభమైన ‘తెలంగాణకు హరితహారం’ లక్ష్యాలలోనే ఈ అవగాహన ఉంది. 230 కోట్ల మొక్కలలో అడవుల లోపలి వాటా 100 కోట్లు. అందులో నాటవలసినవి 20 కోట్లే, మిగిలిన 80 కోట్లు పునరుజ్జీవనం ద్వారా రావలసినవి. ప్రచారంలో మాత్రం మొక్క నాటే దృశ్యమే మిగిలింది. గజ్వేల్ పరిసర అడవులలో జరిగిన పని రాష్ట్రానికి నమూనాగా నిలిచింది; 2019 ఆగస్టులో జిల్లా కలెక్టర్లకు ఆ అడవులను చూపించారు. అదే ఏడాది డిసెంబరులో ఈ జిల్లాలోని ములుగులోనే (ములుగు జిల్లా కేంద్రం వేరు) అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ప్రాంగణం ప్రారంభమైంది.

కందకం అడవిని కాపాడుతుంది, మందను ఆపుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. 2017 జూన్ 20న గొర్రెల పంపిణీ పథకం ప్రారంభమైనదీ ఈ జిల్లాలోని కొండపాకలోనే. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో గొల్లకుర్మలకు అందించారు. ఒక శాఖ మందను పెంచగా, మరొక శాఖ మేత నేలను మూసింది. గొర్రె ప్రధానంగా గడ్డి మేస్తుంది, మేక లేత పిలకను కొరుకుతుంది. ఈ తేడాను కాపరులకు ఎవరూ చెప్పనక్కరలేదు. పిలకలు మేకకు అందని ఎత్తుకు ఎదిగేవరకు కొంత భాగాన్నే మూసి, ఆపై మరొక భాగానికి మారడం, మూసిన చోట గడ్డిని కోసుకోనివ్వడం సాధ్యమైన మార్గాలు. ఆ వంతులను కాపరులతో కూర్చుని నిర్ణయించకపోతే కందకం రాత్రికి రాత్రే పూడుతుంది.

ఇందుకు వ్యవస్థ కొత్తగా కనిపెట్టవలసినది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఉన్నాయి. అయితే 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామ పంచాయతీని నాటిన మొక్కలలో 85 శాతం బతకడానికి బాధ్యురాలిని చేసింది. మోడు నుంచి లేచిన పిలకకు అటువంటి లెక్క లేదు. లెక్కలో లేనిదానికి కావలి కూడా తక్కువే. ఫిబ్రవరి నుంచి మే వరకు రాలిన ఆకు నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. ఆ నాలుగు నెలలు అగ్నిరేఖలను శుభ్రపరచి కాపలా కాసే పనికి ఊరివారికి కూలి కట్టడం, ఖర్చు దృష్ట్యా చూసినా, కాలిన చోట మళ్లీ నాటడం కంటే మేలు.