కరెంటు లేనిచోట వోల్టేజి

తెలుగు ఇండ్లలో విద్యుత్తుకు వాడుకపేరు కరెంటు. దీపము ఆరిపోయిన "కరెంటు పోయింది" అందురు. తీగను తాకినవానికి "కరెంటు కొట్టింది" అందురు. నెలనెలా వచ్చునది "కరెంటు బిల్లు". వాడుకమాటగా ఇందులో తప్పు పట్టవలసినదేమియు లేదు. కాని భౌతికశాస్త్రములో కరెంటు అనగా ఒకటే అర్థము: తీగవెంట సాగు విద్యుదావేశముల ప్రవాహము. వీధిలోని దీపములన్నియు ఒక్కసారిగా ఆరినపుడు ముందుగా పోయినది ఈ ప్రవాహము కాదు, దానిని నడిపించు వోల్టేజి. రెండింటినీ ఒకే మాటతో పిలుచుట వలన ఇంటిలో పెద్ద చిక్కు రాదు. వరంగల్ చుట్టుపట్ల పొలములలో, బోరుబావుల వద్ద, ఈ తేడా తెలియకపోవుట ప్రాణముల మీదికి తెచ్చును.

కాకతీయుల నాటి పాకాల చెరువును తలచుకొన్నచో తేడా తేలికగా బోధపడును. తూము మూసియున్నపుడు కాలువలో చుక్కనీరు పారదు. అయినను కట్టవెనుక నీటిమట్టము అట్లే ఉండును, తూము తలుపుపై ఆ నీటి ఒత్తిడి రాత్రింబగళ్లు పనిచేయుచునే ఉండును. తలుపు ఎత్తుటయే తడవు, నీరు పారును. నీటి ఒత్తిడి వంటిది వోల్టేజి, పారు నీటి వంటిది కరెంటు, తూము ఇరుకుదనము వంటిది నిరోధము. వీటిని వరుసగా వోల్టులలోను, ఆంపియర్లలోను, ఓములలోను కొలుతురు. ఒక ఆంపియరు కరెంటు సాగుచున్నదనగా తీగలోని ఏదేని ఒకచోటును సెకనుకు సుమారు 62 వేల కోట్ల కోట్ల ఎలక్ట్రానులు దాటిపోవుచున్నవన్నమాట.

ఈ ఉపమానము కొంతదూరమే వచ్చును. కాలువకు గండిపడిన నీరు పొలముపాలగును. తీగ తెగిన విద్యుత్తు బయటికి ఒలికిపోదు, ప్రవాహము ఆగిపోవును. బయలుదేరినచోటికి తిరిగివచ్చు దారి ఉన్నగాని కరెంటు సాగదు. అందుచేతనే దానిని వలయము అన్నారు. మరియు వోల్టేజి ఎప్పుడును రెండు స్థానముల నడుమ ఉండునది. ఒక్కచోటి వోల్టేజి ఇంత అని చెప్పినపుడు భూమిని రెండవ స్థానముగా తీసుకొన్నారని అర్థము. 11,000 వోల్టుల తీగపై వాలిన కాకి క్షేమముగా ఉండుటకు కారణము ఇదియే. దాని కాళ్లు రెండును ఒకే తీగపై ఉన్నవి, ఆ రెండు కాళ్ల నడుమ వోల్టేజి ఇంచుమించు సున్న.

ఇప్పుడు ఒక స్టార్టరు డబ్బాను తీసుకొందము. బోరుబావి మోటారుకు మూడు ఫేజుల తీగలు వచ్చును. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫేజు ఫ్యూజు పోయినదనుకొందము. మోటారు తిరగదు. రైతు చూచి "కరెంటు లేదు" అనుకొనును. ఒకవిధముగా అతని మాట నిజమే, మోటారులో కరెంటు లేదు. కాని మిగిలిన రెండు ఫేజుల తీగలు స్టార్టరువరకు వచ్చియే ఉన్నవి. ఒక్కొక్కదానికి, భూమికి నడుమ సుమారు 240 వోల్టులు కలవు. ఇది మూసిన తూము. డబ్బా తెరచి, తడినేలపై వట్టికాళ్లతో నిలిచి తీగను ముట్టినవాడు తన శరీరముతో ఆ తూము తలుపు ఎత్తుచున్నాడు. తడిసిన శరీరపు నిరోధము వెయ్యి ఓముల వరకు తగ్గవచ్చును. 240ని 1,000తో భాగించిన దాదాపు పావు ఆంపియరు. ఇంటి బల్బునకు ఇది పెద్ద కరెంటు కాదు. మనిషికి ఆంపియరులో నూరవవంతు దాటిననే కండరములు బిగిసి, పట్టుకొన్న తీగను వదలలేడు. పదవవంతు గుండె లయను చెదరగొట్టుటకు చాలును. ఫ్యూజు సంగతి లైన్‌మన్‌కు వదలవలెనని చెప్పుట ఇందుకే. స్విచ్చు దించినను దాని పళ్లలో ఒకటి అంటుకొనియే ఉండిపోవచ్చును.

దీనిని తరగతిలో అపాయము లేకుండ చూపవచ్చును. ఒక టార్చి ఘటము, ఒక టార్చి బల్బు, ఒక స్విచ్చు, ఒక వోల్టుమీటరు ఉన్న చాలును. స్విచ్చు తెరచియుంచి, వోల్టుమీటరును బల్బు కొనలకు తగిలించిన సున్న చూపును. అదే మీటరును తెరచిన స్విచ్చు రెండు కొనలకు తగిలించిన ఘటపు వోల్టేజి అంతయు, అనగా సుమారు 1.5 వోల్టులు చూపును. స్విచ్చు మూసిన లెక్క తారుమారగును: బల్బువద్ద 1.5, స్విచ్చువద్ద ఇంచుమించు సున్న. కరెంటు లేనిచోటనే వోల్టేజి మొత్తము కాచుకొని యుండునని విద్యార్థి కంటితో చూచును. మీటరు తగిలించినపుడు దాని ద్వారా వలయము పూర్తియైనది గదా అని చురుకైనవాడు అడుగవచ్చును. పూర్తియైనమాట నిజమే. మీటరు నిరోధము మిక్కిలి ఎక్కువ గనుక ఆ కరెంటు బల్బును వెలిగించుటకు చాలదు.

వోల్టేజి, కరెంటు, నిరోధముల సంబంధమును కనుగొన్న గెయార్గ్ ఓమ్ కూడ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడే. జర్మనీలోని కొలోన్ నగరములో పాఠములు చెప్పుచు ఈ ప్రయోగములు చేసి, 1827లో గ్రంథము ప్రకటించెను. వోల్టేజిని నిరోధముతో భాగించిన కరెంటు వచ్చునన్నది ఆయన సూత్రము. ఆనాటి పండితులు పలువురు దానిని మెచ్చలేదు.

పూర్వపు వరంగల్ జిల్లాలో బోర్ల కింద సాగు విస్తారము. చివరి బోరు తరచు ట్రాన్స్‌ఫార్మరుకు దూరముగా ఉండును. ఒక కిలోమీటరు పొడవు లైను చివర 5 హార్స్‌పవరు మోటార్లు అయిదు ఉన్నవనుకొందము. ఒక్కొక్కటి సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకొనును. అయిదింటికి కలిపి ప్రతి ఫేజు తీగలో సుమారు 37 ఆంపియర్లు. సన్నని అల్యూమినియము తీగకు కిలోమీటరునకు ఒక ఓము నిరోధము ఉన్నదనుకొన్న, తీగలోనే దాదాపు 37 వోల్టులు ఖర్చగును. బయలుదేరిన 240లో చివరకు చేరునది 200కు కొంచెము పైన. ఒక్కొక్క తీగలో వ్యర్థముగా వేడియగు శక్తి 37ను 37తో గుణించినంత, అనగా సుమారు 1,370 వాట్లు. మూడు తీగలలో కలిపి నాలుగు వేల వాట్లు దాటును. ఒక 5 హార్స్‌పవరు మోటారు చేయు పని అంతకంటె తక్కువ!

ఈ తగ్గిన వోల్టేజికి బల్బు ఓము చెప్పినట్లే నడచుకొనును. కరెంటు తగ్గును, వెలుగు మందగించును, అంతే. మోటారు మాత్రము కాలిపోవును. ఎక్కువ వోల్టేజికి కాలినదన్న ఎవరైనను నమ్ముదురు, తక్కువకు కాలుట వింతగా తోచును. కారణము మోటారు లోపల ఉన్నది. తిరుగు మోటారు తనలోనే ఒక ఎదురు వోల్టేజిని పుట్టించుకొని, వచ్చు కరెంటును అదుపులో ఉంచును. సరఫరా వోల్టేజి తగ్గిన దాని అయస్కాంత బలము సన్నగిల్లును. బోరులోని నీటి బరువు మాత్రము తగ్గదు. మోటారు కొద్దిగా వెనుకబడి, ఆ బరువు మోయుటకు మునుపటికంటె ఎక్కువ కరెంటు లాగును. కరెంటు అయిదవవంతు పెరిగిన చుట్టలలోని వేడి 44 శాతము పెరుగును, వేడి కరెంటు వర్గమును అనుసరించునది గనుక. కొంతసేపటికి చుట్టలపై పూత మాడును. ఇంతలో మోటార్లన్నియు ఎక్కువ లాగుటవలన లైనులో తగ్గుదల మరింత పెరుగును. ఒకరి కష్టము పదిమందికి పాకు సంగతి ఇది.

ఎదురు వోల్టేజి లేని క్షణము ఒకటి కలదు. మోటారు కదలకయున్న ఆరంభక్షణమది. అప్పుడు అది మామూలుకంటె సుమారు ఆరురెట్లు కరెంటు తీసుకొనును. తెలంగాణలో వ్యవసాయమునకు 2018 జనవరి 1న 24 గంటల సరఫరా ఆరంభమైనది. అంతకుముందు సరఫరా రోజులో కొన్ని గంటలే, అదియు తరచు అర్ధరాత్రివేళ. చీకటిలో పాములకు వెరచి పొలమునకు పోవుటెట్లని రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకొన్నారు. సరఫరా రాగానే ఆ లైనుపై ఉన్న మోటార్లన్నియు ఒకే క్షణమున లేవజూచును. అన్నియు ఆరేసిరెట్లు లాగుటతో వోల్టేజి కుంగిపోవును, ఏ ఒక్కటియు వేగము అందుకొనలేదు. 24 గంటల సరఫరాకు సిద్ధపడుచు ప్రభుత్వము 2017లో ఆటో స్టార్టర్లను తీసివేయవలసినదని కోరినది. భూగర్భజలము వృథా కారాదన్నది అందులో ముఖ్యోద్దేశము. లైనుకు కూడ అది ఊరటయే.

తీగలను లావు చేయుట ఒక మందు, కాని ఖర్చెక్కువ. వోల్టేజిని పెంచుట మరొకటి. 2000 తరువాతి దశాబ్దములో ఆంధ్రప్రదేశ్ పంపిణీ సంస్థలు అనుసరించిన పద్ధతి ఈ రెండవది. 11,000 వోల్టుల లైనునే పొలమువరకు నడిపి, అచ్చట రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టుదురు. ఫేజుల నడుమ 415 వోల్టులకు బదులు 11,000 అనగా 26 రెట్లు పైగా ఎక్కువ. అంతే శక్తిని పంపుటకు అన్ని రెట్లు తక్కువ కరెంటు చాలును. పై ఉదాహరణలోని 37 ఆంపియర్లు ఒకటిన్నరకంటె తక్కువకు దిగును. ఒక్కొక్క తీగలో 1,370 వాట్లకు బదులు సుమారు రెండు వాట్లు మాత్రమే వేడిగా పోవును. తీగ అదే, దూరము అదే. ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడైన కాలినను చీకటిపడునది ఇద్దరు ముగ్గురు రైతుల బోర్లకే. తమ ట్రాన్స్‌ఫార్మరుపై ఎవరి మోటారు ఉన్నదో ఒకరినొకరు ఎరుగుదురు గనుక దొంగచాటుగా మరొక మోటారు తగిలించుటను వారే సాగనీయరు.