పోయే వేడిని పట్టుకోలేమా?

విశాఖపట్నం దగ్గర పరవాడ వైపు వెళ్ళినవారు సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్లను చూసే ఉంటారు. "మాస్టారూ, అవి వేడిని ఊరికే గాలిలో కలిపేస్తున్నాయి. దానితోనూ కరెంటు తీయొచ్చు కదా?" అని మా తరగతిలో ఒక కుర్రవాడు అడిగాడు. మంచి ప్రశ్నే!

మాచ్‌ఖండ్‌లో నీరు ఎత్తు నుంచి పల్లానికి దూకితేనే టర్బైను తిరుగుతుంది. వేడి కూడా వేడి చోటు నుంచి చల్లని చోటుకు పోతేనే పని చేస్తుంది. అయితే ఒక తేడా ఉంది. నీరంతా కిందికి చేరుతుంది. వేడిలో కొంత పనిగా మారి, మిగిలినదే చల్లని చోటుకు చేరుతుంది.

సింహాద్రిలో బొగ్గు మండించి ఆవిరి తయారు చేస్తారు. టర్బైనును తిప్పిన ఆవిరి, సముద్రపు నీరు పారే గొట్టాలను తాకి మళ్ళీ నీరవుతుంది. ఆ గొట్టాలలోని నీరు గ్రహించిన వేడినే టవర్లు బయటికి వదులుతాయి.

రాపిడి వంటి నష్టాలేవీ లేని ఆదర్శ యంత్రం దక్షత కూడా ఆ రెండు చోట్ల ఉష్ణోగ్రతల మీదే ఆధారపడుతుందని 1824లో ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో చూపించాడు. చల్లని ఉష్ణోగ్రతను వేడి ఉష్ణోగ్రతతో భాగించి, 1 నుంచి తీసివేస్తే ఆ దక్షత వస్తుంది. రెండూ కెల్విన్లలో ఉండాలి.

ఆవిరి 540 డిగ్రీల సెల్సియస్, అంటే 813 కెల్విన్లు. చల్లని చోటు 30 డిగ్రీలు, అంటే 303 కెల్విన్లు అనుకుందాం. దక్షత 63 శాతం. మిగిలిన 37 శాతం వేడిని ఆదర్శ యంత్రమైనా వదలవలసిందే! నిజమైన కేంద్రాలలో నష్టాలు కూడా కలిసి, ఈ తరహా వాటి దక్షత 40 శాతం లోపే ఉంటుంది.

మరి కుర్రవాడి ప్రశ్న? టవరుకు చేరే నీరు 40 డిగ్రీలు అనుకుంటే, ఆదర్శ యంత్రానికైనా దక్కేది 3 శాతమే. వేడి ఎంత ఉన్నా, వాలు లేదు!

ఆవిరిని 600 డిగ్రీలకు పెంచితే దక్షత ఎంతవుతుంది? మీరే లెక్క కట్టండి. బొగ్గును ఆదా చేసే దారి అక్కడ కనిపిస్తుంది.