ఆర్మీనియా రాజుల నామధేయములు

విజ్ఞాన సర్వస్వమున ఒక రాజును గూర్చి వ్యాసము వ్రాయబూనిన వారికి మొట్టమొదటి చిక్కు శీర్షిక యొద్దనే ఎదురగును. పాఠకుడు పేరును పట్టుకొనియే గ్రంథము తెరచును గదా! ఆ పేరు సరిగా నిలుపకున్నచో ఒకరి చరిత్ర మరియొకరి తలకు చుట్టుకొనును. మధ్యయుగపు ఆర్మీనియా రాజుల విషయమున ఈ చిక్కు చాల దూరము పోవును.

'ఐదవ లియో' అని వెదకితిమనుకొనుడు. 813 నుండి 820 వరకు కాన్‌స్టాంటినోపుల్ నేలిన బైజాంటైన్ చక్రవర్తి కనబడును. ఆయనను చరిత్రకారులు 'ఆర్మీనియనుడు' అని వ్యవహరింతురు. కాని ఆయన ఆర్మీనియాకు రాజు కాడు. ఆర్మీనియా రాజగు ఐదవ లియో ఐదున్నర శతాబ్దముల తరువాతివాడు. 1374లో కిలికియాలోని సిస్ నగరమున పట్టాభిషిక్తుడై, మరుసటి యేడే మామ్లూకులకు బందీయై, 1393లో పారిస్‌లో కన్నుమూసెను. 'ఆర్మీనియనుడగు ఐదవ లియో', 'ఆర్మీనియా రాజగు ఐదవ లియో': తొందరలో చదువువానికి ఈ రెండును ఒకటిగనే తోచును.

పైగా ఈ కడపటి రాజునే కొన్ని గ్రంథములు 'ఆరవ లియో' అనుచున్నవి. కిలికియాను మొదట ఏలినవారు ప్రభువులు. రాజబిరుదము తరువాత వచ్చినది. 12వ శతాబ్ది పూర్వార్ధమున లెవోన్ అను ప్రభువు ఒకడుండెను. (లియో అనునది ఈ పేరునకు లాటిను రూపము.) అదే వంశమున మరియొక లెవోన్ 1187లో ప్రభువై, ఆ శతాబ్ది ముగియకమునుపే టార్సస్‌లో కిరీటము ధరించెను. ప్రభువులను గూడ లెక్కించినచో ఇతడు రెండవవాడు. రాజులను మాత్రమే లెక్కించినచో మొదటివాడు. ఈ ఒక్క అంకె తేడా తరువాతి లెవోనులందరికిని సంక్రమించినది. అందుచేత 'రెండవ లెవోన్' అనగా ఒక పుస్తకమున తాత, మరియొక పుస్తకమున ఆయన కుమార్తె జాబెల్ కన్న మనుమడు!

సంఖ్య కుదిరినను చాలదు. 908లో వాస్పురకాన్‌కు రాజై, వాన్ సరస్సులోని అఘ్తమార్ దీవిలో శిల్పములతో నిండిన దేవాలయము కట్టించిన గగిక్ అర్‌త్స్రూని వంశీయుడు. 989లో అనీ నగరమున గద్దె నెక్కిన గగిక్ బగ్రతూని వంశీయుడు. ఇరువురును 'మొదటి గగిక్'లే.

కాబట్టి ఆర్మీనియనుల నోటనున్న రూపమునే శీర్షికకు గ్రహించి, రాజుల వరుసనుబట్టి సంఖ్య యిచ్చి, వంశమునో రాజ్యమునో చేర్చుట మేలని మా అభిప్రాయము. బిరుదములను అనువదింపకుండుట మంచిది. రెండవ అషోత్‌కు 'యెర్కత్' అను బిరుదము కలదు. ఇనుము అని దాని యర్థము. 'ఇనుప అషోత్' అని తెలిగించినచో ఆ వీరుడు వంటింటి పెనమువలె ధ్వనించును.

లిపి విషయమున మాత్రము తెలుగువారము అదృష్టవంతులము. లాటిను గ్రంథములు హైతోన్ అని మార్చిన పేరులో ఆర్మీనియనులకు ఒత్తు తకారమున్నది. మనము 'హెథుమ్' అని నిరాయాసముగా వ్రాయగలము. పశ్చిమార్మీనియనులు గగిక్‌ను 'కకిగ్' అందురు. ప్రాచీనోచ్చారణమునే నిలిపి, తక్కిన రూపములను సూచికలో చేర్చిన చాలును. 'లియో' క్రింద వెదకువానికి 'లెవోన్ చూడుడు' అను పంక్తి యొకటి యుండవలెను. కిరీటము ధరించిన తొలి లెవోన్ వ్యాసమున మొదటి వాక్యమే 'ప్రభువుల వరుసలో రెండవవాడు' అని తెలుపవలెను.